ప్రొబయోటిక్ ఆహారం మొదలుపెట్టబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

పరగడుపున చక్కెర 108 వచ్చిందనీ, దాన్ని తగ్గించుకోవడానికి డాక్టరు మూడు నెలలు గడువిచ్చారనీ, ఈలోగా ప్రొబయోటిక్ ఆహారం, అంటే మేలుచేసే సూక్ష్మజీవులు బతికి ఉండే ఆహారం, మొదలుపెడతాననీ రాశావు. తప్పకుండా మొదలుపెట్టు, కానీ దాని మీద పెద్ద ఆశలు పెట్టుకోకు. ఇప్పటివరకూ జరిగిన పరిశోధనల్లో చక్కెర మీదా, కొవ్వుల మీదా కనిపించిన మేలు స్వల్పమే, అదీ అందరిలో ఒకేలా లేదు. వారానికి కనీసం రెండు కప్పుల పెరుగు తింటే టైప్ 2 మధుమేహం ముప్పు తగ్గవచ్చని పెరుగు డబ్బాల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024లో అనుమతిస్తూనే, ఆధారాలు పరిమితమన్న మాటను కూడా చేర్చమంది. ప్రకటనల్లో మనకు వినిపించనిది ఈ రెండో సగమే.

ఎంపిక దగ్గరే చాలామంది పొరబడతారు. పులిసిన పదార్థమల్లా ప్రొబయోటిక్ కాదు. తినే సమయానికి అందులోని సూక్ష్మజీవులు బతికి ఉండాలి, తగినంత సంఖ్యలో ఉండాలి, వాటి వల్ల మేలు జరుగుతుందని పరీక్షల్లో తేలి ఉండాలి. పులిసిన తరువాత కాల్చిన రొట్టెలో అవి మిగలవు. పెరుగును మరిగించినా అంతే. పండ్ల రుచులు కలిపిన తియ్యటి పెరుగు జోలికి వెళ్లకు, ఎందుకంటే చక్కెర తగ్గించుకోవాలని తినేదాంట్లోనే చెంచాల కొద్దీ చక్కెర ఉంటే ఆ శ్రమంతా దండగ. చప్పటి పెరుగు, చక్కెర కలపని కెఫిర్ (పాలను పులియబెట్టి చేసే పానీయం) నీకు సరిపోతాయి. ఉప్పులో పులియబెట్టిన కూరగాయలు మంచివే అయినా రక్తపోటు ఉన్నవారు కొద్దిగానే తినాలి.

మొదటి వారం రోజుకు అర కప్పుతో సరిపెట్టుకుని, కడుపుబ్బరం లేకపోతే ఒక కప్పుకు పెంచు. ఇలా వెళ్లిన సూక్ష్మజీవుల్లో ఎక్కువ భాగం పేగుల్లో స్థిరపడకుండా కొన్నాళ్లకే వెళ్లిపోతాయి కాబట్టి, ఒక్కరోజు ఎక్కువగా తినడం కన్నా రోజూ కొంచెం తినడం మేలు. పప్పులు, కూరగాయలు, ముడిధాన్యాలలోని పీచు కూడా అంతే ముఖ్యం. పేగుల్లోని సూక్ష్మజీవులు దాన్నే పులియబెట్టి బ్యూటిరేట్ వంటి ఆమ్లాలను తయారుచేస్తాయి, పెద్దపేగు లోపొరకు ప్రధాన ఇంధనం ఆ బ్యూటిరేటే.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, ఆ కప్పు పెరుగు దేని స్థానంలోకి వస్తోందన్నది. సాయంత్రం తినే బిస్కెట్లకు బదులుగా తింటే లాభం; అవీ తిని ఇదీ తింటే రోజుకు కొన్ని కేలరీలు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇప్పటికే వాడుతున్న రక్తపోటు మాత్రలను డాక్టరు చెప్పకుండా ఆపకు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారెవరైనా ఇంట్లో ఉంటే, వారు వైద్యుణ్ణి అడగకుండా ప్రొబయోటిక్ గుళికలు వేసుకోకూడదు. హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల్లో రక్తంలో ఉన్న చక్కెర సగటును చూపుతుంది కనుక, పదిహేను రోజులకే మళ్లీ చేయించి నిరాశపడకు. గడువు పూర్తయ్యాక దానితో పాటు నడుము కొలత, ట్రైగ్లిజరైడ్ల (రక్తంలోని ఒక రకం కొవ్వు) విలువ కూడా నాకు రాసి పంపు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ