స్పిన్ జోలికి వెళ్లేముందు రెండు లెక్కలు

అమ్మలూ,

నీ మెయిల్ చదివాను. బెర్లిన్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందంటే ఎంత సంతోషం వేసిందో, తిరిగే (స్పిన్ ఉన్న) బ్లాక్ హోల్స్ మీద స్కాటరింగ్ యాంప్లిట్యూడ్స్‌తో, అంటే కణాలు ఢీకొని చెదిరే అవకాశాన్ని లెక్కకట్టే రాశులతో పని చేయబోతున్నావంటే అంతకు రెట్టింపు వేసింది. క్వాంటమ్ ఫీల్డ్ థియరీ బాగా వచ్చు, జనరల్ రిలేటివిటీ ఒక్క సెమిస్టరే చదివాను, చేరేలోపు ఏం చదవాలి మావయ్యా అని అడిగావు. నువ్వు పంపిన చాంతాడంత పేపర్ల లిస్టు పక్కన పెట్టు. కాగితం, పెన్ను తీసుకుని రెండు లెక్కలు చెయ్యి.

2015 సెప్టెంబర్ 14న గురుత్వ తరంగాల డిటెక్టర్ లైగో పట్టిన మొదటి సిగ్నల్‌లో ఒక్కో బ్లాక్ హోల్ మన సూర్యుడికి ముప్పై రెట్లు, ఆ పైన బరువుంది. అంతంత వస్తువులకి క్వాంటమ్‌తో ఏం పని అని మీ నాన్న తప్పకుండా అడుగుతారు. లెక్క కట్టే దారి మాత్రమే క్వాంటమ్, చివర్లో మనం ఉంచుకునేది క్లాసికల్ భాగమే అని చెప్పు. ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి నేరుగా బయల్దేరితే మూడు గ్రావిటాన్లు (గురుత్వాన్ని మోసే కణాలు) కలిసే చోటే వందకు పైగా పదాలు వస్తాయి. వాటిని ఆన్-షెల్ ఉంచితే, అంటే నిజమైన కణాల్లా శక్తి, మొమెంటమ్‌ల సంబంధం పాటించేలా ఉంచితే, అదంతా ఒక్క లైనుకి దిగుతుంది. పైగా అది గ్లూవాన్ల (క్వార్కుల్ని బంధించే కణాల) యాంప్లిట్యూడ్‌కి వర్గం, అంటే స్క్వేర్! న్యూటన్ స్థిరాంకంలో రెండో ఆర్డర్ దాకా స్కాటరింగ్ కోణాన్ని (ఒకదాని పక్కనుంచి ఇంకోటి పోతూ ఎంత వంగుతుందో దాన్ని) వెస్ట్‌ఫాల్ 1985లోనే ఇచ్చాడు. మూడో ఆర్డర్ కోసం 2019 దాకా ఆగాల్సి వచ్చింది. బెర్న్, చుంగ్, రోయిబాన్, షెన్, సోలోన్, జెంగ్ దాన్ని పార్టికల్ ఫిజిక్స్ సరంజామాతో సాధించారు. వేగం ఎంతైనా సరే ఆ ఫలితం పనికొస్తుంది, దాని బలం అదే.

ఇక మొదటి లెక్క. రెండు బరువైన స్కేలార్లు (స్పిన్ లేని కణాలు) ఒక గ్రావిటాన్‌ని మార్చుకునే ట్రీ డయాగ్రామ్, అంటే లూప్ లేనిది, తీసుకో. ఇంపాక్ట్ పారామీటర్‌లోకి (రెండు దారుల మధ్య పక్కదూరంలోకి) ఫూరియర్ మార్చి, కోణం రాబట్టు. ఒకటి రెండోదానికన్నా చాలా తేలికైతే, పైన 2 గామా స్క్వేర్ మైనస్ 1 (గామా అంటే వేగాన్ని బట్టి 1 నుంచి పెరిగే లోరెంట్జ్ గుణకం), కింద గామా స్క్వేర్ మైనస్ 1 ఉన్న భిన్నం వస్తుంది. గామాని 1కి దగ్గరగా తెస్తే న్యూటన్ కోణం అచ్చంగా కనిపిస్తుంది. గామాని పెంచుకుంటూ పోతే సూర్యుడి పక్కనుంచి వచ్చే కాంతి ఎంత వంగుతుందో అది వస్తుంది, అంచు దగ్గర 1.75 ఆర్క్ సెకన్లు. 1919 గ్రహణంలో ఎడింగ్టన్ వాళ్లు వెతికింది దాన్నే. ఒకే భిన్నం రెండు కొసల్లోనూ నిలబడటం నీ కళ్లతో చూడు. ఆ తర్వాత ఈ పద్ధతి మీద నీకు వచ్చే నమ్మకం ఎవరి లెక్చర్ విన్నా రాదు.

రెండో లెక్క ఒక లూప్‌ది. ఇక్కడ మాత్రం నిదానంగా నడువు. బాక్స్, క్రాస్డ్ బాక్స్, ట్రయాంగిల్ డయాగ్రామ్‌లు అన్నీ రాసి, మనం అలవాటుగా 1 అనుకునే ప్లాంక్ స్థిరాంకాన్ని మళ్లీ లెక్కలోకి తీసుకురా. మారే మొమెంటమ్ అంటే ప్లాంక్ స్థిరాంకం ఇంటూ వేవ్ నంబర్. ద్రవ్యరాశులకి ఆ గుణకం ఉండదు. ఒక్కొక్కటి సూర్యుడికి ముప్పై రెట్లున్న జంటలో కోణీయ ద్రవ్యవేగాన్ని ప్లాంక్ స్థిరాంకంతో భాగిస్తే సుమారు 1 పక్కన 79 సున్నాలు. అందుకే ఏ పదం ఏ సైజులో ఉందో కళ్లముందు ఉండాలి. బాక్స్‌ల నుంచి క్లాసికల్ కన్నా పెద్ద పదం వస్తుంది, దాన్ని చూసి టెన్షన్ పడకు. అది నీ మొదటి లెక్కే రెండుసార్లు జరగడం, తీసేయాలి. లాగరిథమ్ ఉన్న పదం క్వాంటమ్ సవరణ, దాన్నీ వదిలేయ్. ట్రయాంగిల్‌లో మిగిలేది 5 గామా స్క్వేర్ మైనస్ 1. గామా 1 అయితే అది 4.

ఆ నాలుగుతో ఇంకో అడుగు వెయ్యి. కేలిన్, పోర్టో 2019లో చూపించినట్టు, కోణీయ ద్రవ్యవేగం ప్లస్‌లో ఉన్నప్పటి కోణాన్నీ మైనస్‌లో ఉన్నప్పటి కోణాన్నీ కలిపితే, కట్టుబడి తిరిగే కక్ష్య ఒక్కో చుట్టుకి ఎంత జరుగుతుందో వస్తుంది. మొదటి ఆర్డర్ రద్దయిపోతుంది, రెండోది మిగులుతుంది. అందులో అంకెలు వేస్తే బుధుడి కక్ష్యకి వందేళ్లకి 43 ఆర్క్ సెకన్లు! గ్రావిటాన్ లూప్ నుంచి బుధుడి దాకా రెండు పేజీల దూరమే. అయితే ఈ వంతెన అన్ని చోట్లా నిలవదు. నాలుగో ఆర్డర్‌లో, వెలువడిన తరంగమే వెనక్కి తగిలి కక్ష్యని కదిలించే టెయిల్ ప్రభావం వచ్చాక అది అలాగే పనిచేయదు.

ఇవి రెండూ అయ్యాకే స్పిన్. 2017లో అర్కానీ-హమేద్, హువాంగ్, హువాంగ్ ఏ స్పిన్ ఉన్న బరువైన కణానికైనా యాంప్లిట్యూడ్ రాసే పద్ధతి ఇచ్చారు. వాటిలో అన్నిటికన్నా సాదాదే కెర్ బ్లాక్ హోల్ (తిరిగే బ్లాక్ హోల్) అని ఆ తర్వాత రెండేళ్లలో తేలింది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా అందంగా తోచే ఫలితం అదే. స్పిన్ కోణీయ ద్రవ్యవేగాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే ఒక పొడవు వస్తుంది. స్పిన్‌లు కక్ష్యతో సమరేఖలో ఉన్నప్పుడు, మొదటి ఆర్డర్‌లో చేయాల్సిందల్లా ఇంపాక్ట్ పారామీటర్‌కి రెండు బ్లాక్ హోల్స్ పొడవుల మొత్తాన్ని ఒక పదంలో కలపడం, ఇంకో పదంలో తీసేయడం. అంతే, స్పిన్ అన్ని ఘాతాలూ ఒక్క దెబ్బకి వచ్చేస్తాయి.

స్పిన్ నాలుగో ఘాతం దాటాక కాంప్టన్ యాంప్లిట్యూడ్‌లో (గ్రావిటాన్ బ్లాక్ హోల్‌కి తగిలి చెదిరేదానిలో) ఉండకూడని పోల్, అంటే విలువ అనంతమయ్యే చోటు, ఒకటి తలెత్తుతుంది. దాన్ని సరిదిద్దాలంటే తిరిగే బ్లాక్ హోల్ చుట్టూ తరంగాల్ని వర్ణించే టుకోల్‌స్కీ సమీకరణంతో పోల్చి చూడాలి. మొదటి ఏడాది ఆ తలనొప్పి పెట్టుకోకు. గైడ్ ఇస్తానన్నా ఆర్నెల్లు ఆగుతానని చెప్పు.

మూడో ఆర్డర్ ఫలితం మీద వచ్చిన వాదన మాత్రం తప్పక చదువు. వేగం బాగా పెరిగినా, ద్రవ్యరాశులు సున్నాకి పోయినా ఆ సమాధానం సరిగ్గా ప్రవర్తించడం లేదని రిలేటివిటీ నిపుణుడు దమూర్ పట్టుబట్టాడు. బెర్న్ వాళ్ల లెక్క తప్పు కాదు, దమూర్ అనుమానం కూడా ఊరికే పోలేదు. తరంగాలు పోతూ వెనక్కి తన్నే ప్రభావాన్ని కలిపితే ఇబ్బంది పోతుందని 2020లో డి వెకియా, హైసెన్‌బర్గ్, రుస్సో, వెనెత్సియానో చూపించారు. నీ సెమినార్‌లో ఎవరైనా ఇలా నిలదీస్తే నొచ్చుకోకు. ఇంటికొచ్చి ఆ లిమిట్ తీసి చూడు.

పోట్స్‌డామ్ పక్కనే ఉంది. అక్కడి ఐన్‌స్టీన్ ఇన్‌స్టిట్యూట్‌లో వేవ్‌ఫారమ్‌లు (డిటెక్టర్‌కి అందే తరంగ రూపాలు) కట్టేవాళ్ల సెమినార్లకి వెళ్తూ ఉండు. యాంప్లిట్యూడ్ వాళ్లతోనే కూర్చుంటే, నీ సమాధానం చివరికి డిటెక్టర్ డేటా మీద వేసి చూసే గీతగా మారాలన్న సంగతి మరుగున పడిపోతుంది. ఆ మార్చే పని చేసేది వాళ్లే. హింగోలి దగ్గర లైగో-ఇండియా వచ్చేనాటికి ఈ రెండు వైపులూ తెలిసినవాళ్లు మనకి బోలెడంతమంది కావాలి.

ఇంకొక్కటి. నోట్‌బుక్ మొదటి పేజీలో మెట్రిక్ గుర్తులు రాసి పెట్టుకో. పార్టికల్ ఫిజిక్స్ పేపర్లలో కాలానికి ప్లస్ వేసేవాళ్లు ఎక్కువ, రిలేటివిటీ వాళ్లలో మైనస్ వేసేవాళ్లు ఎక్కువ. స్పిన్ ఘాతం బేసి అయిన పదాల్లో దీని దెబ్బ నేరుగా తగులుతుంది. స్పిన్, కక్ష్య ఒకే దిక్కున ఉంటే వికర్షణ పెరిగి, వంగే కోణం తగ్గాలి. నీకు పెరిగినట్టు వస్తే మొదటి పేజీకి వెళ్లు.

ముందు బుధుడి లెక్క అయ్యాక పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. బాక్స్‌లు ఎలా తీసేశావో చూడాలని ఉంది నాకు.

ఆశీస్సులతో,
మావయ్య