డాక్టర్ సలహా: ‘మెల్లగా చెప్పు’ అంటున్నా మా బాబుకు నత్తి తగ్గట్లేదు

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. గలగలా మాట్లాడేవాడు. మూడు నెలలుగా ‘నా నా నా నాన్న’ అంటూ మాట మొదట్లోనే ఆగిపోతున్నాడు. ఒక్కోసారి మాట అసలు బయటికి రాక కళ్లు గట్టిగా మూసుకుంటాడు. మావారు ‘కంగారు పడకు, ఊపిరి తీసుకుని మెల్లగా చెప్పు’ అంటారు. మా అత్తగారు ‘ఒరే నత్తోడా’ అని పిలుస్తూ, వస అరగదీసి నాలుకకు రాస్తున్నారు. నాలుక కింద పొర కోయించమని చుట్టాలు చెబుతున్నారు. మా మరిదికి కూడా చిన్నప్పటి నుంచీ నత్తి ఉంది. వారం రోజులుగా బాబు ఏదైనా కావాలంటే నోరు విప్పకుండా వేలు పెట్టి చూపిస్తున్నాడు. మేం గదమాయించడం వల్లే ఇలా అయిందా? ఎల్‌కేజీలో ఇంగ్లిషు మొదలుపెట్టడం వల్లా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీరు రాసినవాటిలో వేలు పెట్టి చూపిస్తున్నాడన్న దగ్గర నేను ఆగిపోయానమ్మా. మాట్లాడటం కన్నా ఊరుకోవడమే నయమని నాలుగేళ్ల పిల్లాడికి అనిపించడం మొదలైంది. నత్తి కన్నా ముందు మనం చూడాల్సింది అదే.

మీరు గదమాయించడం వల్ల నత్తి రాలేదు. మాటను కూర్చి సమయానికి నోటికి అందించే పని మెదడుది. ఆ పనిలో వచ్చే తేడాయే నత్తి. ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య, పిల్లలు చిన్న చిన్న మాటలు దాటి పెద్ద వాక్యాలు కట్టే రోజుల్లో బయటపడుతుంది. నూటికి సుమారు ఐదుగురు పిల్లల్లో ఏదో ఒక దశలో కనిపిస్తుంది, వారిలో ఎక్కువ మందికి దానంతట అదే సర్దుకుంటుంది. రక్తసంబంధీకుల్లో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. ఇంగ్లిషు నేర్చుకోవడానికీ దీనికీ సంబంధం లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడటం మానకండి.

మరి మన మాటలకు పాత్రే లేదా అంటే, ఉంది. 1939లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, డావెన్‌పోర్ట్ అనాథాశ్రమంలోని 22 మంది పిల్లల మీద ఒక ప్రయోగం జరిగింది. అయోవా విశ్వవిద్యాలయ ఆచార్యుడు వెండెల్ జాన్సన్ పర్యవేక్షణలో మేరీ ట్యూడర్ అనే విద్యార్థిని చేసింది. జాన్సన్‌కు తనకే నత్తి ఉండేది. బాగానే మాట్లాడే ఆరుగురు పిల్లలకు ‘నీకు నత్తి మొదలవుతోంది, సరిగ్గా పలకగలిగితేనే నోరు తెరువు’ అని నెలల తరబడి చెప్పారు. ఆ వివరాలను చాలా ఏళ్లకు మళ్లీ పరిశీలించినవారికి, ఆ పిల్లలకు నిజంగా నత్తి వచ్చిందనడానికి ఆధారం దొరకలేదు. కానీ వాళ్లు ముడుచుకుపోయారు, మాటలు తగ్గించేశారు. విశ్వవిద్యాలయం 2001లో క్షమాపణ చెప్పింది. 2007లో రాష్ట్ర ప్రభుత్వం బాధితులకు, వారి వారసులకు 9,25,000 డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. ఆ ఆరుగురి సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. మాటతో నత్తి తెప్పించలేకపోయారు గానీ, పిల్లల నోరు మూయించగలిగారు.

నా దగ్గరికి తన కూతుర్ని తీసుకొచ్చిన ఒకాయన చెప్పిన సంగతి మీతో పంచుకుంటాను. ఆయనకూ నత్తి. హోటల్‌కు వెళ్తే దోశ తినాలని ఉంటుంది. ‘దో’ దగ్గర మాట ఆగిపోతుందేమోనని ఇడ్లీ చెబుతారు. అలా ఇరవై ఏళ్లుగా. దోశకు బదులు ఇడ్లీ ఉంది, ‘ప్రెజెంట్ సార్’కు బదులు ‘ఎస్ సార్’ ఉంది. పేరుకు మాత్రం బదులు లేదు. అందుకే నత్తి ఉన్న చాలామందికి తమ పేరు చెప్పుకోవడమే అన్నిటికన్నా కష్టం. అలాంటి బిడ్డకు ‘నత్తోడు’ అని మనమే ఇంకో పేరు పెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

మీవారి మాటలో ప్రేమ ఉంది, అది నాకు అర్థమవుతోంది. కానీ ‘మెల్లగా చెప్పు’ అన్న ప్రతిసారీ బాబుకు వినిపించేది ‘నువ్వు మళ్లీ తప్పు చేశావు’ అనే. వాడికి చెప్పే బదులు మీరే మెల్లగా మాట్లాడండి. వాడు ‘నా నా నాన్న బస్సు తెచ్చాడు’ అంటే, వాక్యం పూర్తయ్యేదాకా వాడి మొహం చూస్తూ ఆగండి. మాట అందుకోకండి. ఒకటి రెండు క్షణాల తరవాత ‘నాన్న బస్సు తెచ్చాడన్నమాట, ఎర్రగా భలే ఉంది’ అనండి. చెప్పిన తీరును వదిలేసి, చెప్పిన సంగతికి జవాబివ్వండి. ప్రశ్న మీద ప్రశ్న వేయకండి. చుట్టాలొచ్చినప్పుడు ‘పద్యం చెప్పరా’ అని నిలబెట్టకండి. రోజుకు ఐదు నిమిషాలు టీవీ, ఫోన్ లేకుండా వాడితో కూర్చోండి. అలాగని వాడి దగ్గర నత్తి ఊసే ఎత్తకూడదని లేదు. వాడే ఇబ్బంది పడి మీవైపు చూస్తే, ‘ఒక్కోసారి మాట అడ్డం పడుతుంది నాన్నా, ఫర్వాలేదు, నేను వింటున్నా’ అనండి.

వస వెంటనే ఆపేయండి. అది పెడితే మాటలు బాగా వస్తాయన్నది మన ఇళ్లలో పాత నమ్మకం. అందుకే వాగుడుకాయను వసపిట్ట అంటాం. కానీ నత్తి దానితో తగ్గదు. పైగా వాంతులు కావచ్చు, అందులో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం పిల్లలకు మంచిది కాదు. నాలుక కింద పొర కూడా కోయించొద్దు. అదే అడ్డమైతే మూడు నెలల క్రితం దాకా గలగలా ఎలా మాట్లాడాడు? నత్తి తగ్గించే సిరప్పులు, మాత్రలు లేవు.

చాలామంది పిల్లల్లో కొన్నాళ్లు ఆగి చూడమంటాను. మీ బాబు విషయంలో ఆగొద్దు. మగపిల్లాడు, మూడున్నరేళ్లు దాటాక మొదలైంది, బాబాయికి ఉంది, కళ్లు మూసుకుని అవస్థ పడుతున్నాడు, మాట్లాడటం మానుకుంటున్నాడు. ఈ నెలలోనే స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల సత్వర చికిత్సా కేంద్రం ఉందేమో అడగండి. మాట, వినికిడి సమస్యలను చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. ఈ వయసు పిల్లలకు లిడ్‌కాంబ్ అనే పద్ధతి ఉంది. ఆస్ట్రేలియాలో రూపొందింది. సాఫీగా వచ్చిన మాటను ఎప్పుడు, ఎలా మెచ్చుకోవాలో అందులో తల్లిదండ్రులకే నేర్పుతారు. థెరపిస్టు పర్యవేక్షణ లేకుండా సొంతంగా మొదలుపెట్టకండి.

అత్తగారితో గొడవపడొద్దు. ‘అత్తయ్యా, వాడికి మీ కథలంటే ఇష్టం, రాత్రి పూట తీరిగ్గా ఒకటి చెప్పండి’ అని అడగండి. పెద్దవాళ్లు నిదానంగా చెప్పే కథ వినడం వాడికి మంచిది. ఆ పిలుపు మానమని మాత్రం మీవారి చేతే గట్టిగా చెప్పించండి.

మీ మరిది ఇష్టపడితే, ఒక ఆదివారం ఇంటికి పిలవండి. చిన్నప్పుడు ఎవరెవరు ఏమని పిలిచేవారో, అప్పుడు ఎలా ఉండేదో తన తల్లికి ఆయన చెప్పగలిగితే, నేను రాసినదానికన్నా బాగా ఎక్కుతుంది. చెప్పేటప్పుడు ఆయన మాట ఆగితే మధ్యలో ఎవరూ అందించకండి. బాబు అక్కడే కూర్చుని అంతా చూస్తుంటాడు.