కాపడం యంత్రాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఇదివరకు వావిలాకు పరిచి ఇసుక మూటతో కాపడం పెట్టేదాన్ని. ఇప్పుడు కరెంటు హీటింగ్ ప్యాడ్ కొన్నాం. రాత్రంతా మోకాలికి కట్టుకునే పడుకుంటున్నారు. చర్మం మీద వలలాగా గోధుమరంగు గీతలు వచ్చాయి. ఆవిడకి షుగర్ ఉంది. — పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ఈ రాత్రి నుంచే ప్యాడ్ కట్టడం మానిపించండి. కాలని మోతాదు వేడి అయినా రోజూ గంటల తరబడి తగిలితే ఇలాంటి గీతలే వస్తాయి. ఇప్పుడే ఆపేస్తే కొన్ని నెలల్లో పలచబడవచ్చు, సాగదీస్తే ఉండిపోతాయి. ఒకసారి చర్మవైద్యులకు చూపించండి.

ఇసుక మూట పెనం మీంచి తీసిన క్షణం నుంచీ చల్లారుతూనే ఉంటుంది. పైగా ముందు మీ చేతికి ఆనించి చూసుకునిగానీ పెట్టరు. ప్యాడ్ చల్లారదు. కాస్త వేడి తగ్గగానే లోపలి థర్మోస్టాట్ మళ్లీ కరెంటు అందిస్తుంది. 60 డిగ్రీల వేడికి 5 సెకన్లలో కాలే చర్మం, 44 డిగ్రీల దగ్గర కూడా 6 గంటలు ఆనించి ఉంచితే కాలుతుంది. షుగర్ వల్ల కాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే ఆ మంట ఆవిడకి తెలియనే తెలియదు. అందుకే పాదాలకి అసలు పెట్టవద్దు. మోకాలికి కూడా గీతలు తగ్గాక, డాక్టరు సరేనంటేనే. అప్పుడైనా తక్కువ వేడిలో, మధ్యలో రెండు మడతల తువ్వాలు వేసి, 15 నిమిషాలు చాలు. స్విచ్ మీ చేతిలో ఉండాలి. ప్యాడ్ కాలి కింద పెట్టవద్దు, బరువు పడితే వేడి బయటికి పోదు. నొప్పి బామ్ రాసిన చోట ఎప్పుడూ పెట్టవద్దు. దానంతటదే ఆగిపోయే టైమరు లేని ప్యాడ్ ఎంత చవకైనా కొనకండి.

ప్రశ్న: సాయంత్రాలు మా ఊళ్లో వోల్టేజీ 180కి పడిపోతుంది. 60 వాట్ల ప్యాడ్ సరిగా వేడెక్కడం లేదు. పాడైందా? — పాఠకుడు, గుణుపూర్

జవాబు: పాడవలేదు. వోల్టేజీ తగ్గినదానికంటే వేడి ఇంకా ఎక్కువగా తగ్గుతుంది. 230 వోల్టుల దగ్గర 60 వాట్లిచ్చే ప్యాడ్ 180 దగ్గర ఇచ్చేది 37 వాట్లే. చిక్కల్లా ఆ తర్వాతే. వేడి చాలడం లేదని పెద్ద సెట్టింగులో పెట్టి, పైన దుప్పటి కప్పి పడుకుంటారు. అర్ధరాత్రి వాడకం తగ్గి వోల్టేజీ మామూలుకి వస్తుంది. నిద్రలో ఉండగా వేడి ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది.

అనుమానం తీరాలంటే ప్లగ్ తీసేసి, స్విచ్ 'హై'లో ఉంచి, ప్లగ్ పిన్నుల మధ్య మల్టీమీటరు (కరెంటు కొలతలు చూపే మీటరు) ఓముల మీద ఉంచి పెట్టండి. వైరు కరెంటును ఎంత అడ్డుకుంటోందో చెప్పే కొలతే ఓము. ఎలక్ట్రానిక్ కంట్రోలర్ లేని 60 వాట్ల ప్యాడ్ అయితే దాదాపు 880 ఓములు చూపాలి. ఏమీ చూపకపోతే వైరు తెగిందనో, లోపలి ఫ్యూజు పోయిందనో అర్థం. ప్యాడ్‌ను మడిచి బీరువాలో పెట్టేవాళ్లకి ఆ మడత దగ్గరే వైరు పోగులు తెగుతాయి. మిగిలిన ఒకటి రెండు పోగులు ఎర్రగా కాగి గుడ్డ మాడుతుంది. మాడిన మచ్చ కనిపిస్తే టేపు చుట్టి వాడకండి, పారేయండి. దాచేటప్పుడు వదులుగా చుట్టండి.

ప్రశ్న: కరెంటుతో కాగే జెల్ సంచిని ప్లగ్ ఉండగానే పొట్ట మీద పెట్టుకోవచ్చా? — పాఠకురాలు, రాయగడ

జవాబు: వద్దమ్మా, ప్రాణాపాయం. చాలా సంచుల్లో కరెంటు నేరుగా ఆ ద్రవంలోంచే పోతుంది. ఎక్కడ కారినా షాక్ కొడుతుంది. నేల మీద పరిచి, మూతి పైకి ఉంచి, లైటు ఆరేదాకా కాగనివ్వండి. ప్లగ్ తీశాక మెల్లగా కదిపి, గుడ్డ చుట్టి వాడుకోండి. ఉబ్బిన సంచిని పారేయాల్సిందే. లోపల నీళ్లు మార్చి నింపడం కూడా తగదు, ఆ ద్రవంలోని ఉప్పు శాతం మారితే కాగే తీరు మారుతుంది.

ప్రశ్న: నిన్న ఆటలో మావాడి చీలమండ బెణికి వాచింది. ఇన్‌ఫ్రారెడ్ దీపం పెట్టనా? — పాఠకుడు, జయపురం

జవాబు: మొదటి 48 గంటలు వేడి వద్దు, వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున పెట్టండి. కాలు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించండి. వాపు దిగాక 150 వాట్ల దీపాన్ని మూర దూరంలో, ఎదురుగా కాకుండా పక్క నుంచి, 10 నిమిషాలు. దీపం వైపు చూడనివ్వకండి.