విలన్ చేతికి సిరంజి ఇచ్చే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతిలో, విలన్ డాక్టర్ సూది గుచ్చిన మర్నాటికే మనిషికి పులి గోళ్లు మొలిచాయి. అక్కడ పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. ఎదిగిన ఒంట్లో లక్షల కోట్ల కణాలుంటాయి. ఒక్క ఇంజెక్షన్ వాటన్నిటికీ అందదు. పైగా వేళ్ల ఆకృతి పిండదశలోనే ఖాయమైపోతుంది. కాబట్టి నీ విలన్ పిండంతోనే మొదలుపెట్టాలి, నెలల తరబడి ఎదురుచూడాలి. భయపెట్టేది వాడి ఓపికే. వికటాట్టహాసాలు ఎవరైనా చేస్తారు.

ముందు వాడు చేసే పనేమిటో తేల్చుకో. "జన్యువులు కలపడం" అని గుండుగుత్తగా రాశావు. రెండు జాతుల అండం, శుక్రకణం కలిస్తే సంకరం. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62. వాటికి పుట్టే కంచరగాడిదకు 63 వచ్చి, అవి జతలుగా కుదరక, దాదాపు ఎప్పుడూ పిల్లలు పుట్టకుండానే మిగులుతుంది. ఇల్యా ఇవనోవ్ అనే సోవియట్ శాస్త్రవేత్త 1927లో మనిషి వీర్యంతో ఆడ చింపాంజీల మీద ఈ ప్రయత్నం చేశాడు, ఒక్కటీ చూలు కట్టలేదు. చింపాంజీతోనే కానిది పులితో ఏమవుతుంది? ఎంచుకున్న జన్యువుల్ని మాత్రమే చొప్పించే పద్ధతి వేరే ఉంది కానీ, పంజా మొత్తానికి ఒకే జన్యువంటూ ఉండదు.

నీ కథకు పనికొచ్చేది కైమెరా: కొద్ది రోజుల పిండంలోకి సన్నటి గాజు సూదితో మరో జాతి మూలకణాలు, అంటే ఏ రకం కణంగానైనా మారగలవి, వదలడం. 2021లో వెలువడిన ప్రయోగంలో ఆరు రోజుల కోతి పిండాలు 132 తీసుకుని, ఒక్కోదానిలో 25 మనిషి కణాలు పెట్టారు. పంతొమ్మిదో రోజుకి బతికున్నవి మూడు. రెండు జాతుల కణాలు పెరిగే వేగం ఒకటి కాదు, ఎక్కువసార్లు వచ్చినవే చచ్చిపోతాయి. బతికినవి ఎక్కడ స్థిరపడతాయో ముందే గట్టిగా చెప్పలేం. చర్మంలో అయితే సరే, మెదడులో అయితే? బయటికి అచ్చం జంతువు, లోపల ఎవరున్నారో వాడికే తెలియదు. నీ నవలంతా ఇక్కడుంది, నువ్వేమో గోళ్ల దగ్గరే ఆగిపోయావు.

ల్యాబ్‌లో ఆకుపచ్చ ద్రవాలు బుడబుడలాడించకు. కణాలు పెంచే ద్రవం మామూలుగా గులాబీ ఎరుపులో ఉంటుంది. 37 డిగ్రీల వెచ్చదనం, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న పెట్టెలో పెడతారు. రాత్రికి రాత్రి ఆ ద్రవం పసుపు తిరిగి మసకబారితే బాక్టీరియా పట్టిందన్నమాట, వారాల పని సింక్ పాలు. ఆ పసుపు చూసినప్పుడు వాడి ముఖం ఎలా ఉందో వర్ణించు. అప్పుడు సహాయకుడి మీద కేకలేస్తాడా, మాట్లాడకుండా చేతి తొడుగులు మార్చుకుంటాడా? నేనైతే రెండోదే రాస్తాను.

వాడి చేత ఇప్పించిన నాలుగు పేజీల ఉపన్యాసం కొట్టేసి, ఆ చోట వాడి రిజిస్టరులో ఒక పేజీ పెట్టు: తేదీ, పిండం నంబరు, ఎన్నో రోజున పారేశాడో. వ్యాఖ్యానం అక్కర్లేదు. అన్నట్టు, సహాయకుడి పేరు మూడో అధ్యాయంలో ఒకటుంది, ఏడో అధ్యాయంలో ఇంకొకటుంది. సరిచూసుకుని మళ్లీ పంపు.