దెబ్బలో సగం మనకే: తిరిగే ఆయుధం ఉన్న చిన్న రోబో గురించి ప్రశ్నలు, జవాబులు

పోరాట రోబోల మీద ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం 1.36 కిలోల తరగతి గురించే. మూడు పౌండ్ల ఈ తరగతిని పోటీల్లో బీటిల్‌వెయిట్ అంటారు. కాలేజీ ఫెస్టుల్లో 8, 15 కిలోల రోబోవార్స్‌కి దిగాలనుకునేవాళ్లు ముందు ఇక్కడ చెయ్యి తిరిగేలా చేసుకోవడం మంచిది. పెద్ద రోబోలో జరిగే పొరపాట్లన్నీ ఇందులోనూ జరుగుతాయి, ఖర్చు మాత్రం చాలా తక్కువ.

ప్రశ్న: ముగ్గురం కలిసి మొదటి రోబో చేస్తున్నాం. అడ్డంగా తిరిగే బార్ పెట్టమని కొందరు, నిలువుగా తిరిగే డిస్క్ పెట్టమని కొందరు అంటున్నారు. ఏది మేలు?
— ఇంజినీరింగ్ రెండో ఏడాది విద్యార్థి, విజయవాడ

జవాబు: నిలువు డిస్క్. ఎదుటి రోబోకి ఎంత దెబ్బ తగులుతుందో మీ రోబోకీ అంతే తగులుతుంది. న్యూటన్ మూడో సూత్రానికి ఇక్కడ మినహాయింపు లేదు. మీ వాటా దెబ్బ ఎటు పోవాలో ముందే తేల్చుకోండి, మిగతా డిజైనంతా దాన్నిబట్టే సాగుతుంది. అడ్డంగా తిరిగే బార్ కొట్టినప్పుడు రెండు రోబోలూ చెరో పక్కకి ఎగిరిపడతాయి. ఆ ఊపులో మీది గోడకి కొట్టుకుని చక్రం ఊడొచ్చు. నిలువు డిస్క్ అంచు ముందువైపు కింది నుంచి పైకి లేస్తూ కొడుతుంది కాబట్టి ఎదుటిది గాల్లోకి లేస్తుంది, మీది నేలకి అదుముకుంటుంది. మీ వాటా దెబ్బని నేల మోస్తుంది.

దీనితో వచ్చే చిక్కు గైరో ప్రభావం, అంటే వేగంగా తిరిగే వస్తువు తన అక్షం దిశ మార్చనివ్వకుండా ఎదురు తిరగడం. వేగంగా తిరిగే డిస్క్‌తో రోబో పక్కకి మళ్లబోతే ఒక చక్రం నేల విడిచి లేస్తుంది. ఎప్పుడు లేస్తుందో ముందే లెక్క కట్టుకోవచ్చు. 240 గ్రాముల బరువు, 110 మి.మీ. వ్యాసం ఉన్న డిస్క్ 8,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతోందనుకోండి. చక్రాల మధ్య దూరం 180 మి.మీ. అయితే రోబో ఒక పూర్తి చుట్టు తిరగడానికి కనీసం 1.6 సెకన్లు తీసుకోవాలి. అంతకన్నా వేగంగా తిప్పితే చక్రం లేచిపోతుంది. చక్రాల మధ్య దూరం 220 మి.మీ.కి పెంచితే ఆ సమయం 1.3 సెకన్లకి తగ్గుతుంది. అందుకే నిలువు డిస్క్ రోబోని వెడల్పుగా కట్టాలి. ట్రాన్స్‌మిటర్‌లో (చేతిలోని రిమోట్‌లో) మలుపు వేగాన్ని 50, 60 శాతానికి తగ్గించి పెట్టుకోండి. మలుపులో ఆయుధం థ్రాటిల్ (వేగం మీట) కాస్త దించడం డ్రైవరుకి అలవాటు కావాలి.

ప్రశ్న: మా డిస్క్ 14,000 ఆర్‌పీఎం తిరుగుతోంది. దాని అంచున కొట్టే పళ్లు రెండు. రోబో వేగం సెకనుకి 2.6 మీటర్లు. అయినా ఎదుటి రోబో మీద గీతలు పడుతున్నాయి తప్ప అది ఎగరడం లేదు. ఇంకా పెద్ద మోటారు వేయాలా?
— పాలిటెక్నిక్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మోటారు మార్చకండి, వేగం తగ్గించండి. మీ ఇబ్బందికి కారణం బైట్ చాలకపోవడం. ఒక పన్ను దాటిపోయి తర్వాతి పన్ను వచ్చేలోపు మీ రోబో ఎంత ముందుకు జరుగుతుందో అంత లోతు మాత్రమే ఆ పన్ను ఎదుటి రోబోలోకి దిగగలదు. 14,000 ఆర్‌పీఎం అంటే సెకనుకి 233 చుట్లు, రెండు పళ్లతో 467 దెబ్బలు. 2.6 మీటర్లని 467తో భాగిస్తే 5.6 మి.మీ. వస్తుంది. పోటీలో పూర్తి వేగంతో ఎదురుగా గుద్దే అవకాశం అరుదు. సగం వేగంతో తగిలితే 3 మి.మీ. కూడా ఉండదు. పన్ను ఎక్కడా పట్టు దొరక్క అంచు మీద జారుతూ పోతుంది, మీరు చూస్తున్న గీతలు అవే.

అదే డిస్క్‌ని ఒకే పన్నుతో చేసి 8,000 ఆర్‌పీఎం దగ్గర తిప్పితే సెకనుకి 133 దెబ్బలు, బైట్ దాదాపు 19.5 మి.మీ. శక్తి వేగం వర్గంతో పాటు మారుతుంది కాబట్టి అది మూడో వంతుకి పడిపోతుందన్నది నిజమే. కానీ డిస్క్‌లో ఎంత శక్తి ఉన్నా ఎదుటి రోబోలోకి దిగినదే లెక్కలోకి వస్తుంది. పైన చెప్పిన 240 గ్రాముల డిస్క్‌లో 8,000 దగ్గర సుమారు 127 జౌళ్లు ఉంటాయి. అంచు వేగం సెకనుకి 46 మీటర్లు, అంటే గంటకి 165 కిలోమీటర్లు. ఈ తరగతిలో ఎదుటి రోబోని ఎగరేయడానికి అది చాలు.

ఒకే పన్ను పెడితే ఎదురువైపు అదే లెక్కలో బరువు ఉంచాలి. బ్యాలెన్స్ చూడటానికి యంత్రం అక్కర్లేదు. సమతలంగా పెట్టిన రెండు స్టీలు స్కేళ్ల అంచుల మీద డిస్క్‌ని షాఫ్ట్‌తో సహా ఉంచి వదలండి. బరువు ఎక్కువున్న వైపు కిందికి తిరిగి ఆగుతుంది. ఆ వైపు చిన్న చిన్న రంధ్రాలు వేస్తూ, ఎక్కడ వదిలితే అక్కడే నిలిచేదాకా చూడండి. ఈ పని సరిగా చేయకపోతే వణుకుడుకి బోల్టులు వదులై, బేరింగులు పోతాయి.

8,000 ఆర్‌పీఎం వచ్చే లెక్క: 4ఎస్ (నాలుగు సెల్‌ల) బ్యాటరీ 14.8 వోల్టులు, 1,000 కేవీ (వోల్టుకి 1,000 ఆర్‌పీఎం) మోటారు అయితే లోడు లేకుండా 14,800. పుల్లీలతో 1.6 రెట్లు తగ్గిస్తే 9,250. లోడు, బెల్టు నష్టాలు పోగా 8,000 దగ్గర నిలుస్తుంది.

ప్రశ్న: ప్రతిసారీ తూకంలో 100 గ్రాములు ఎక్కువ వస్తోంది. బరువు ఎలా పంచుకోవాలి?
— గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఇంట్లో జమాఖర్చు రాసినట్టు ముందే కాగితం మీద రాసుకోవాలి. ఒక మంచి పంపకం ఇది: డిస్క్ 240 గ్రాములు, దాని మోటారు 90, షాఫ్ట్, బేరింగులు, పుల్లీలు 60. చక్రాల మోటార్లు రెండూ కలిపి 170, చక్రాలు 60. 850 ఎంఏహెచ్ 4ఎస్ లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) 100. ఈఎస్‌సీలన్నీ (మోటార్ల వేగాన్ని నియంత్రించే సర్క్యూట్లు) 70, రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్ 15, వైర్లు, బ్యాటరీ కలిపే లింకు 40. ఛాసిస్ (రోబో చట్రం), కవచం 400. బోల్టులు 65. మొత్తం 1,310. మిగిలిన 50 గ్రాములని ముట్టుకోకండి, మరమ్మతుల్లో అవి ఎలాగూ ఖర్చవుతాయి. లెక్క తప్పేది సాధారణంగా బోల్టుల దగ్గరా వైర్ల దగ్గరా, ఎందుకంటే వాటిని ఎవరూ తూచరు.

ప్రశ్న: ఆటోనగర్‌లో ఈఎన్8 రకం ఉక్కు ప్లేటుతో డిస్క్ చేయించాం. రెండు పోటీల్లోనే పన్ను మొద్దుబారి ఒరిగిపోయింది. ఆకురాయి ఉక్కుతో చేయిస్తే?
— విజయవాడ

జవాబు: ఆకురాయి ఉక్కు వద్దే వద్దు. అంత గట్టిగా ఉన్న ఉక్కు దెబ్బకి వంగదు, గాజులా ముక్కలవుతుంది. ఆ ముక్కలు ఏ దిక్కుకి ఎగురుతాయో చెప్పలేం. ఈఎన్8 హీట్ ట్రీట్‌మెంట్ లేకుండా వాడితే మెత్తన. మీకు కావాల్సింది గట్టిదనం, దెబ్బకి తట్టుకునే గుణం రెండూ ఉన్నది: ఈఎన్24 రకం ఉక్కుని రాక్‌వెల్ సి (గట్టిదనం కొలమానం) 45 దగ్గరికి గట్టిపరిచి వాడడం, లేదా ముందే గట్టిపరిచి వచ్చే హార్డాక్స్ 500 ఉక్కు ప్లేటు.

హార్డాక్స్‌తో ఒక జాగ్రత్త. 250 డిగ్రీలు దాటి వేడెక్కితే అది మెత్తబడుతుంది. వాటర్‌జెట్‌తో కోయించండి. గ్రైండింగ్ చేసేటప్పుడు అంచు నీలిరంగు తిరిగితే అక్కడ గట్టిదనం పోయినట్టే. కాస్త రుద్దడం, నీళ్లలో ముంచడం, మళ్లీ రుద్దడం, అలా ఓపిగ్గా చేయాలి. విడి పన్ను తెచ్చి వెల్డ్ చేయించడం అసలు వద్దు. పన్ను మొదట్లో లోపలి మూల పదునుగా ఉంటే పగులు అక్కడే పుడుతుంది. కనీసం 2 మి.మీ. గుండ్రం ఇవ్వమని డ్రాయింగులో రాసివ్వండి. నోటితో చెబితే మరిచిపోతారు.

ప్రశ్న: డిస్క్‌ని నేరుగా మోటారుకే బిగించాం. రెండో దెబ్బకే మోటారులో అయస్కాంతాలు ఊడాయి. మోటారు నాసిదా?
— వరంగల్

జవాబు: మోటారు తప్పు లేదు. మీ వాటా దెబ్బంతా దాని బేరింగుల మీద, జిగురుతో అతికిన అయస్కాంతాల మీద పడింది. మోటారు మోయాల్సింది తిప్పే బలాన్నే, దెబ్బని షాఫ్ట్ మోయాలి. రెండు పక్క గోడలకీ బిగించిన, తిరగని షాఫ్ట్ పెట్టండి. ఈఎన్24 అయితే 8 నుంచి 10 మి.మీ. లావు చాలు. బేరింగులు డిస్క్ హబ్‌లోనే (మధ్య భాగంలోనే) ఉండాలి. అప్పుడు షాఫ్ట్ ఛాసిస్ రెండు గోడల్నీ కలిపి పట్టుకునే దూలంలా కూడా పనికొస్తుంది. మోటారు నుంచి గుండ్రటి పాలియురెథేన్ బెల్టు వేస్తే దెబ్బ పడిన క్షణంలో బెల్టు జారి మోటారుని కాపాడుతుంది. పళ్ల బెల్టు జారదు, పళ్లు తెగుతాయి. బెల్టు సాగుతుంది కాబట్టి మోటారు బిగించే రంధ్రాలు పొడుగ్గా ఉండి 3, 4 మి.మీ. జరిపే వీలుండాలి.

ప్రశ్న: పైమూతకి అక్రిలిక్ వాడొచ్చా? బోల్టులు వదులవకుండా లాక్‌టైట్ జిగురు వేస్తున్నాం, సరేనా?
— కాకినాడ

జవాబు: అక్రిలిక్ పగులుతుంది, పాలికార్బనేట్ వాడండి. అయితే నీలం లాక్‌టైట్ తగిలితే పాలికార్బనేట్‌కి కూడా బోల్టు చుట్టూ సన్నని పగుళ్లు వస్తాయి. అక్కడ నైలాక్ నట్లే (లోపల నైలాన్ వలయం ఉండి వదులవని నట్లు) వేయండి. లాక్‌టైట్ లోహంలోకి దిగే బోల్టులకి.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అబ్బాయి హాల్లోనే రోబో తిప్పి చూస్తున్నాడు. చిన్నదే కదా అంటాడు. ఏం చెప్పాలి?
— ఒక తల్లి, నెల్లూరు

జవాబు: ఇవాళే ఆపించండమ్మా. రోబో చిన్నదే, కానీ ఆ పన్ను గంటకి 165 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. ఆయుధాన్ని తిప్పేది నాలుగు వైపులా, పైనా మందపాటి పాలికార్బనేట్ ఉన్న పెట్టెలోనే. అలాంటి పెట్టె కాలేజీ రోబోటిక్స్ క్లబ్బులో ఉంటే అక్కడికి పంపండి. ఇంట్లో బెల్టు తీసేసి మోటారుని మాత్రమే పరీక్షించుకోవచ్చు.

బాబు తప్పక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. బెల్టు తీసి, చక్రాలు నేలకి తగలకుండా రోబోని ఎత్తుమీద పెట్టి, మోటార్లు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపేయాలి. అన్నీ వెంటనే ఆగిపోవాలి. ఆగకపోతే రిసీవర్‌లో ఫెయిల్‌సేఫ్ (సంకేతం పోతే అన్నీ ఆపేసే ఏర్పాటు) సరిగా పెట్టలేదన్నమాట. అది సరయ్యేదాకా డిస్క్ బిగించకూడదు. బ్యాటరీ కలిపే లింకు బయటి నుంచి అందేచోట ఉండాలి. లింకు పెట్టేముందు డిస్క్ కదలకుండా అడ్డుపిన్ను ఉండాలి. ఆఖరున తీసేది పిన్ను, పోటీ అయ్యాక మొదట పెట్టేదీ పిన్నే. కరెంటు తీసిన 60 సెకన్లలోపు ఆయుధం ఆగాలన్నది చాలా పోటీల నియమం.

లైపో బ్యాటరీని 850 ఎంఏహెచ్ అయితే 0.85 ఆంపియర్ల దగ్గరే, బ్యాలెన్స్ చార్జరుతో, మనిషి పక్కన ఉండగా చార్జ్ చేయాలి. పరుపు మీద, కర్టెన్ల దగ్గర వద్దు. సిమెంటు గచ్చు మీద, పక్కన ఇసుక బకెట్టుతో. నిల్వ ఉంచేటప్పుడు సెల్‌కి 3.8 వోల్టులు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడనివ్వకండి.

ప్రశ్న: న్యూజెర్సీలో మా అమ్మాయి చేసిన మూడు పౌండ్ల రోబోని సెలవుల్లో ఇండియాకి తేవాలి. విమానంలో కుదురుతుందా?
— ఎడిసన్ నుంచి

జవాబు: రోబోని, డిస్క్‌ని చెక్-ఇన్ సామానులో పెట్టండి. విడి లైపోలు మాత్రం చేతిసంచిలోనే రావాలి, టెర్మినళ్లకి టేపు చుట్టి. 850 ఎంఏహెచ్ 4ఎస్ అంటే 12.6 వాట్-అవర్లు, 100 పరిమితికి చాలా తక్కువ. బయల్దేరేముందు మీ ఎయిర్‌లైన్స్ నియమాలు కూడా చూసుకోండి.

ప్రశ్న: గట్టి దెబ్బ తగలగానే రోబో రెండు సెకన్లు చచ్చిపోయి మళ్లీ లేస్తోంది. బ్యాటరీ బాగానే ఉంది.
— తిరుపతి

జవాబు: మీ వాటా దెబ్బ వైరింగుకి చేరింది. రిసీవర్‌కి క్షణకాలం 5 వోల్టులు అందక మళ్లీ స్టార్ట్ అవుతోంది. ముందు రిసీవర్ ప్లగ్గులు చూడండి. ఒక్కొక్కటీ హాట్ గ్లూతో నిలపాలి, రిసీవర్‌ని స్పాంజి మధ్య పెట్టాలి. రెండోది, ఎన్ని ఈఎస్‌సీలు రిసీవర్‌కి 5 వోల్టులు పంపుతున్నాయో చూడండి. ఒకదాన్ని ఉంచి మిగతావాటి ఎర్ర వైరు తీసేయండి. మూడోది, ఆయుధం ఈఎస్‌సీ ఇన్‌పుట్ దగ్గర 35 వోల్టుల 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి. డిస్క్ ఇరుక్కుపోయినా థ్రాటిల్ పట్టుకునే ఉంటే కరెంటు ఒక్కసారిగా పెరిగి వోల్టేజి పడిపోతుంది, ఈఎస్‌సీ కాలిపోవచ్చు కూడా. డిస్క్ తిరగడం లేదనిపిస్తే థ్రాటిల్ సున్నాకి దించి, వెనక్కి జరిగి, మెల్లగా మళ్లీ ఇవ్వండి. ఇవన్నీ సరిచేసి, ఆయుధం తీసేసి, రోబోని చేత్తో పట్టుకుని బల్లకేసి నాలుగుసార్లు కొట్టండి. రిసీవర్ లైటు ఒక్కసారి కూడా మినుకుమనకపోతే పోటీకి తీసుకెళ్లొచ్చు.