వాన పడ్డాక డిటెక్టర్ ఆగకుండా మోగుతుంటే

అన్నా, దేవరకొండ దగ్గర మీ తాతగారి చెలకలో ఎండాకాలమంతా నిమ్మళంగా ఉన్న మెటల్ డిటెక్టర్ (నేలలోని లోహాన్ని పసిగట్టి మోగే మిషన్), మొన్నటి పెద్ద వాన తర్వాత అడుగడుగునా మోగుతోందన్నారు. మిషన్ పాడవలేదు, టెన్షన్ పడకండి. ఎర్ర నేలలో ఇనుము ఎక్కువ, పైగా తడి నేలలో కరెంటు బాగా పారుతుంది. అందుకే మిషన్ నేలనే లోహమనుకుని మోగుతుంది. ఎండాకాలంలో పెట్టిన సెట్టింగ్ ఇప్పుడు పనికిరాదు.

ఇనుప ముక్కలు లేని చోట కాయిల్‌ను (కర్ర చివరి గుండ్రటి పళ్లెం) పైకీ కిందికీ ఆడిస్తూ గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలకే మోగకుండా చేసే సర్దుబాటు, మళ్లీ చేయండి. అప్పటికీ మోగితే సెన్సిటివిటీ (మిషన్ ఎంత చిన్న సంకేతానికి మోగాలో చెప్పే సెట్టింగ్) కొద్దికొద్దిగా తగ్గించండి. లోతున ఉన్నవి దొరకవని చాలామంది తగ్గించరు గానీ, ఆ గోలలో నాణెం చప్పుడు వినపడనే వినపడదు. అడ్డంగా, నిలువుగా ఊపినా ఒకేలా మోగితేనే తవ్వండి.

ముందు వాన నీళ్లు కోసిన గట్టు అంచులు చూడండి. నిజాం కాలపు రాగి పైసా పచ్చటి చిలుము పట్టి, మట్టి అంటిన పాత గుండీలా ఉంటుంది. వేలితో రుద్దకండి, అక్షరాలు అరిగిపోతాయి. మట్టితోనే డబ్బాలో పెట్టండి.

దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలపాలి. నల్లగొండ పక్కన పురావస్తు శాఖ రక్షణలో ఉన్న పానగల్లు పాత గుళ్ల దగ్గర మాత్రం మిషన్ బయటికే తీయకండి.