వేలు ఆనిస్తే చాలు, ఒత్తక్కర్లేదు
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లో పెద్దవాళ్లకు ట్యాబ్ కొనిస్తే నాలుగు రోజులకే అది బీరువాలోకి చేరిందని రాసినవాళ్లు ఈసారి ఎక్కువ. వచ్చినవన్నీ ఆండ్రాయిడ్ ట్యాబ్‌ల ప్రశ్నలే కాబట్టి మేం చెప్పే దారులు కూడా వాటివే. కంపెనీని బట్టి సెట్టింగ్స్‌లో పేర్లు కొంచెం మారుతాయి. మేం చెప్పినచోట దొరక్కపోతే సెట్టింగ్స్ పైభాగంలో ఉండే భూతద్దం గుర్తు తాకి, ఆ పేరుతో వెతకండి.

ప్రశ్న: మా బాపుకు 68 ఏండ్లు. ట్యాబ్ కొనిచ్చి నెలయింది. ఏది తెరవబోయినా తెరుచుకోదు. వాట్సాప్ గుర్తు ఒకరోజు ఉంటుంది, తెల్లారి మాయమవుతుంది. "ఇది నాతోని కాదు బిడ్డా" అని పక్కన పెట్టేశాడు. తప్పెక్కడ జరుగుతోంది?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: మీ బాపుకు రాకపోవడం కాదు. వేలు గాజు మీద ఎంతసేపు ఉంటోందన్నదే చిక్కు. గోడ మీద స్విచ్చయినా, బావి కాడ మోటరు స్టార్టరయినా, పాత బటన్ల ఫోనయినా ఒత్తితేనే పనిచేస్తాయి. ఏండ్ల తరబడి వాటికి అలవాటుపడ్డ చెయ్యి ట్యాబ్‌ను కూడా గట్టిగా ఒత్తి పడుతుంది. ట్యాబ్‌కు ఆ బలం తెలియదు, వేలు ఉన్న సమయమే తెలుస్తుంది. దాదాపు అర సెకను దాటి వేలు అక్కడే ఉందంటే, తెరవమని కాకుండా గుర్తును జరపమని అడిగినట్టు తీసుకుంటుంది. అప్పుడు వేలు ఏ కొంచెం జారినా గుర్తు ఇంకోచోటికి పోతుంది, లేదంటే "రిమూవ్" అన్న మాట మీద పడి తెర మీంచి తొలగిపోతుంది.

దీనికి ట్యాబ్‌నే ఆయన చేతికి తగ్గట్టు మార్చాలి. సెట్టింగ్స్‌లో "యాక్సెసిబిలిటీ"లోకి వెళ్లి "టచ్ అండ్ హోల్డ్ డిలే" వెతికి "లాంగ్" పెట్టండి. సామ్‌సంగ్‌లో ఇది యాక్సెసిబిలిటీలోని "ఇంటరాక్షన్ అండ్ డెక్స్‌టెరిటీ" లోపల ఉంటుంది. ఇక ఒకటిన్నర సెకను దాకా ఒత్తి పట్టినా మామూలుగా తాకినట్టే లెక్క. తర్వాత హోమ్ స్క్రీన్ మీద ఖాళీ చోట వేలు ఒత్తి పట్టి, వచ్చే సెట్టింగ్స్‌లో "లాక్ హోమ్ స్క్రీన్ లేఅవుట్" ఉంటే ఆన్ చేయండి, గుర్తులు కదలవు. మాయమైన వాట్సాప్ ఎటూ పోలేదు. హోమ్ స్క్రీన్ మీద వేలిని కింది నుంచి పైకి జరిపితే ఆప్‌లన్నీ కనిపిస్తాయి, అక్కడి నుంచి మళ్లీ ముందుకు లాగి పెట్టొచ్చు.

ఇంకో మార్పు కూడా తప్పకుండా చేయండి. కొత్త ట్యాబ్‌లు చాలావరకు అంచు నుంచి వేలు జరిపితే వెనక్కి వచ్చే పద్ధతిలో ఉంటాయి. కంటికి ఏ బటనూ కనిపించదు, కొత్తవాళ్లకు ఇదే పెద్ద గోస. సెట్టింగ్స్‌లో "నావిగేషన్ మోడ్" వెతికి (సామ్‌సంగ్‌లో "డిస్‌ప్లే" కింద "నావిగేషన్ బార్") మూడు బటన్ల పద్ధతి పెట్టండి. ఎక్కడ దారి తప్పినా మధ్య బటన్ తాకితే మొదటి తెరకు వచ్చేస్తానన్న నమ్మకం దొరికితే సగం భయం పోతుంది. "ఆటో రొటేట్" కూడా ఆపేయండి. మంచంలో పక్కకు ఒరిగినప్పుడల్లా తెర తిరిగిపోతుంటే ఎవరికైనా చిరాకే. అక్షరాలు పెద్దవి చేసేటప్పుడు మాత్రం చివరి దాకా పోవద్దు. మాటలు సగంలో తెగి, కొన్ని బటన్లు తెర దాటిపోతాయి.

నేర్పేటప్పుడు ట్యాబ్ ఆయన చేతిలోంచి గుంజుకుని మీరు చేసి చూపించకండి. గాజు మీద ఆయన వేలే ఉండాలి, మీది ఉండొద్దు. మొదటి నాలుగు రోజులు క్యాలిక్యులేటర్ తెరిచి ఇవ్వండి. బటన్లు పెద్దవి, తప్పు నొక్కినా పోయేదేమీ లేదు. ఎన్ని క్వింటాళ్ల పత్తికి ఎంత వస్తుందో ఆయన్నే లెక్క కట్టమనండి. తాకి తీయడం చేతికి అలవాటయ్యాకే యూట్యూబ్ జోలికి పోండి. రోజుకు 20 నిమిషాలు చాలు.

ప్రశ్న: మా అమ్మ ముప్పై ఏండ్లుగా బీడీలు చేస్తుంది. ఆమె వేలు పెడితే ట్యాబ్ అసలే పలకదు. నేను పెడితే బాగానే పనిచేస్తుంది. ట్యాబ్‌లో లోపమా?
– ఒక పాఠకుడు, కోరుట్ల

జవాబు: మీ వేలికి పలుకుతోందంటే ట్యాబ్ బాగానే ఉంది. గాజు కింద కంటికి కనిపించని సన్నటి విద్యుత్ వల ఉంటుంది. వేలి చర్మంలోని తేమ వల్ల అక్కడి విద్యుత్తులో కలిగే చిన్న మార్పును అది పసిగడుతుంది. రోజంతా ఆకు, తంబాకు, దారం పట్టి పట్టి వేలి కొసలు కాయలు కాసి ఎండిపోతాయి. ఆ మందపాటి పొడి చర్మం దాటి మార్పు సరిగా అందదు. మక్కలు ఒలిచేవాళ్లకు, సిమెంటు పనిచేసేవాళ్లకు కూడా ఇదే ఇబ్బంది.

చేతులు కడిగి తుడుచుకుని, తడిగుడ్డను ఒకసారి వేలికి అద్దుకోమనండి. నీటి చుక్కలు మాత్రం వేలాడకూడదు, చుక్క పడినచోటల్లా తాకినట్టు అనుకుని ట్యాబ్ తిక్కతిక్కగా చేస్తుంది. కొబ్బరినూనె రాస్తే లాభం లేదు, నూనెకు విద్యుత్తు పారదు, పైగా గాజు జిడ్డవుతుంది. వేలి కొసతో, గోరుతో కాకుండా వేలి కింది మెత్తటి భాగంతో తాకాలి. బీడీ చుట్టడానికి ఎక్కువ వాడని వేలు, అంటే ఉంగరం వేలు గానీ ఎడమచేతి వేలు గానీ వాడి చూడమనండి. చాలామందికి దీనితోనే సరిపోతుంది. మందపాటి గాజు గార్డు వేసి ఉంటే తీసేయండి. సెట్టింగ్స్‌లో "టచ్ సెన్సిటివిటీ" కనిపిస్తే ఆన్ చేయండి.

అప్పటికీ పలకకపోతే రబ్బరు మొన ఉన్న టచ్ పెన్ను కొనండి. పెన్ను ఒంటిది లోహమై ఉండాలి, పట్టుకునే చోట ప్లాస్టిక్ తొడుగు ఉండొద్దు. చేతి విద్యుత్ ప్రభావం లోహం మీదుగా రబ్బరు మొనకు చేరితేనే తెరకు తెలుస్తుంది. దుకాణంలో అమ్మ చేతనే పట్టించి చూసి కొనండి.

ఛార్జింగ్ పెట్టినప్పుడే తెర తిక్కగా చేస్తుంటే మాత్రం అది వేలి సంగతి కాదు, నాసిరకం ఛార్జర్‌ది. దాంట్లోంచి వచ్చే విద్యుత్ అలజడి ఆ సన్నటి వలను గందరగోళపెడుతుంది. డబ్బాతో వచ్చినదో, మంచి కంపెనీదో వాడండి.

ప్రశ్న: సిమ్ వేసే ట్యాబ్ కొనాలా, వైఫై ఒక్కటే ఉన్నది చాలా? అమ్మానాన్నలకు ఎంత సైజు నయం?
– హనుమకొండ

జవాబు: ఇంట్లో వైఫై ఉంటే వైఫై ట్యాబ్ చాలు. లేకపోతే ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి వాడొచ్చు గానీ, ప్రతిసారీ ఎవరో ఒకరు అది ఆన్ చేసి ఇవ్వాలి. మీరు ఉద్యోగానికి పోతే పగలంతా ఆ ట్యాబ్ ఉత్త పలక. పెద్దవాళ్లు ఒంటరిగా ఊళ్లో ఉంటే సిమ్ ట్యాబే కొనండి.

వైఫై ట్యాబ్‌కు ఎస్సెమ్మెస్ రాదు కాబట్టి ఓటీపీలన్నీ ఫోన్‌కే వస్తాయి. యూపీఐ ఆప్‌లు బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఆ పరికరంలోనే ఉందో లేదో చూస్తాయి, అందుకే అందులో నడవవు. మా మాట అడిగితే అది మంచిదే. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల ట్యాబ్‌లో బ్యాంకు ఉండకపోవడమే క్షేమం.

10, 11 అంగుళాల తెర చదవడానికి హాయిగా ఉంటుంది కానీ దాదాపు అరకిలో తూగుతుంది. ముసలి మణికట్టుకు పది నిమిషాల్లో నొప్పి పుడుతుంది. నిలబెట్టే కవరు కూడా కొనండి. ర్యామ్ 4 జీబీకి, స్టోరేజీ 64 జీబీకి తగ్గొద్దు.

ప్రశ్న: వరంగల్‌లో పాత ట్యాబ్ చవగ్గా దొరికింది. రీసెట్ చేస్తే ఎవరిదో గూగుల్ ఖాతా అడుగుతోంది. దాటేదెట్లా?
– నర్సంపేట

జవాబు: దాటకూడదనే ఆ తాళం పెట్టారు. దొంగిలించిన పరికరం ఎవరికీ పనికిరాకుండా చేసే ఏర్పాటు అది. అమ్మినతనితో ఖాతా వివరాలు వేయించి తెరిపించండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లోని "అకౌంట్స్"లో ఆ ఖాతాను అతనే తీసేసి మళ్లీ రీసెట్ చేయాలి. అతను రాకపోతే ట్యాబ్ తిరిగిచ్చి డబ్బులు అడగండి. ఇకముందు పాతది కొంటే డబ్బు చేతిలో పెట్టకముందే మీ ఎదుటే రీసెట్ చేయించి, మీ ఖాతాతో తెరిచి చూసుకోండి.

ప్రశ్న: తెలుగులో రాయాలంటే ఎట్లా? ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడం మా నాన్నకు రాదు.
– జనగామ

జవాబు: రానవసరం లేదు, చేతిరాత ఉంది. గూగుల్ వాళ్ల జీబోర్డు కీబోర్డు తెరిచి పళ్లచక్రం గుర్తు తాకండి. "లాంగ్వేజెస్", "యాడ్ కీబోర్డ్", "తెలుగు" అని వరసగా వెళ్తే రకరకాల కీబోర్డులు చూపిస్తుంది. అందులో "హ్యాండ్‌రైటింగ్" ఎంచుకుంటే కింద ఖాళీ చోటు వస్తుంది, పలక మీద రాసినట్టు వేలితో రాస్తే అచ్చక్షరాలవుతాయి. ఒత్తులు, గుడులు తలకట్టుకు బాగా దూరంగా పెడితే తప్పుగా చదువుతుంది, పదం మొత్తం ఒక్క బిగిన రాస్తే బాగా పడుతుంది. స్పేస్ బార్‌ను ఒత్తి పడితే భాష మారుతుంది.

మాట్లాడి రాయించాలంటే మైకు గుర్తు తాకాలి. తెలుగులో చెబితే ఇంగ్లీషు మాటలు పడుతున్నాయంటే కీబోర్డు ఇంగ్లీషులో ఉన్నట్టు. ముందు తెలుగుకు మార్చి తర్వాత మైకు తాకండి.

ప్రశ్న: సింగరేణిలో రిటైరయ్యాను. లైఫ్ సర్టిఫికెట్ ట్యాబ్‌లోనే ఇవ్వొచ్చంటున్నారు, నిజమేనా? ఆధార్ ఫేస్ ఆప్ డౌన్‌లోడ్ చేస్తే ఎక్కడా కనిపించట్లేదు.
– గోదావరిఖని

జవాబు: నిజమే. పెన్షనరు బతికే ఉన్నారని ఆన్‌లైన్‌లో చూపించే ప్రభుత్వ ఏర్పాటు జీవన్ ప్రమాణ్. అందులో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి 2021 నవంబరు నుంచి ఉంది. ప్లే స్టోర్ నుంచి రెండు ఆప్‌లు కావాలి: "ఆధార్ ఫేస్ ఆర్‌డీ", "జీవన్ ప్రమాణ్". మొదటిదానికి తెర మీద గుర్తు ఉండదు, అది తెర వెనక పనిచేసేది. సెట్టింగ్స్‌లోని ఆప్‌ల పట్టీలో దాని పేరు ఉంటే చాలు, రెండోది తెరవండి. చాలామంది ఇక్కడే అది ఎక్కలేదనుకుని మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చేస్తారు.

మొదట "ఆపరేటర్" వివరాలు అడుగుతుంది. అది వేరే ఎవరో కానక్కర్లేదు, మీరే కావచ్చు. ఆధార్ నంబరు, మొబైల్ నంబరు, ఈమెయిల్ ఇచ్చి, ఓటీపీ వేసి, ముఖం చూపాలి. ఆ తర్వాత పెన్షనరుగా పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) నంబరు, పెన్షన్ పడే ఖాతా నంబరు నింపాలి. పెన్షన్ మంజూరు చేసే సంస్థ, చెల్లించే సంస్థ ఎంచుకునేచోట తొందరపడొద్దు. అక్కడ తప్పు ఎంచుకుంటే ముఖం సరిపోయినా సర్టిఫికెట్ వెనక్కొస్తుంది. పీపీఓ కాగితం పక్కన పెట్టుకుని చూసి నింపండి.

ముఖం పట్టకపోతే కారణం దాదాపు ఎప్పుడూ వెలుతురే. కిటికీ మీ ఎదురుగా ఉండాలి, వెనక ఉండొద్దు. కళ్లద్దాలు తీసి, వెనక ఖాళీ గోడ ఉండేట్టు కూర్చుని, చెప్పినప్పుడు కళ్లార్పండి. మీ ట్యాబ్ కెమెరా 5 మెగాపిక్సెళ్ల కంటే తక్కువదైతే దాంతో తంటాలు పడకుండా ఫోన్‌లో చేసుకోండి. పని పూర్తయితే ప్రమాణ్ నంబరుతో మెసేజీ వస్తుంది, దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి దుబాయిలో ఉన్నాడు. వాట్సాప్‌లో ఫొటోలు వస్తాయి, వీడియో కాల్ మాత్రం కలవదు. ట్యాబ్ మార్చాలా?
– జగిత్యాల

జవాబు: మార్చకండి. ఆ దేశంలో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు, మెసేజీలకు మాత్రమే ఉంది. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి ఆప్ ఇద్దరూ పెట్టుకుంటే కలుస్తుంది. అడ్డు దాటించే వీపీఎన్ ఆప్ పెట్టుకొమ్మని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, చిక్కుల్లో పడేది అక్కడున్న మీ అబ్బాయి.

ప్రశ్న: ఎండాకాలంలో ట్యాబ్ ఛార్జింగ్ మధ్యలో ఆగిపోతోంది.
– మంచిర్యాల

జవాబు: బ్యాటరీ వేడెక్కినప్పుడు ట్యాబ్ తనంతట తాను ఛార్జింగ్ ఆపుకుంటుంది, పాడవలేదు. కవరు తీసి, నీడలో గచ్చు మీద పెట్టండి, తెల్లవారుజామున ఛార్జ్ చేయండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, లోపల నీరు పట్టి బోర్డు పోతుంది.

ప్రశ్న: పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఫైలును మా మామయ్య ట్యాబ్‌లో నొక్కాడు. "ఇన్‌స్టాల్" అంటే ఒప్పుకున్నాడట. ఇప్పుడేం చేయాలి?
– నిర్మల్

జవాబు: ఇలాంటప్పుడు ఆలస్యం పనికిరాదు కాబట్టి ముందే తెలిసి ఉండాలని పాఠకులందరికీ చెబుతున్నాం. ముందు ఇంటర్నెట్ తెంపండి: వైఫై ఆపి, ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆయన ఫోన్‌లోని వాట్సాప్‌లో "లింక్డ్ డివైసెస్" తెరిచి ఆ ట్యాబ్‌ను లాగౌట్ చేయండి.

ఆ తర్వాత ట్యాబ్ పని చూడండి. ఇలా ఏపీకే ఫైలుతో (ప్లే స్టోర్ బయటి నుంచి ఆప్ ఎక్కించే ఫైలు) వచ్చిన ఆప్‌ను తీసేయబోతే కొన్నిసార్లు బటన్ పనిచేయదు, యాక్సెసిబిలిటీ అనుమతినో, "డివైస్ అడ్మిన్" హక్కునో అది ముందే పట్టుకుని ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఆ రెండూ ఆపి అప్పుడు తీసేయండి. అనుమానం మిగిలితే ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే మేలు. గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ వేరే పరికరంలోంచి మార్చండి. చివరగా "ఇన్‌స్టాల్ అన్‌నోన్ ఆప్స్" తెరిచి వాట్సాప్, క్రోమ్ రెండింటికీ అనుమతి తీసేయండి.

మీ మామయ్యను కోప్పడకండి. తిట్లు తిన్న మనిషి ఈసారి ఇంకో ఫైలు నొక్కితే ఇంట్లో చెప్పడు. 1930 అంకెను పెద్దగా రాసి ట్యాబ్ కవరు లోపల అంటించండి.